ఇరవై రెండేళ్లుగా నడుస్తున్న మా అన్నయ్యకు ప్రోస్టేట్ క్యాన్సర్: వ్యాయామం ఎంతవరకు కాపాడుతుంది?

కృష్ణలంక వాసి, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. మా పెద్దన్నయ్యకు ఇప్పుడు అరవై ఆరేళ్లు. జలవనరుల శాఖలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన ఆయన, ఇరవై రెండేళ్లుగా తెల్లవారుజామున ఐదు గంటలకే ఇంటి నుంచి బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం దాకా నడిచి వెనక్కి వస్తారు. పొగాకు అలవాటు లేదు, మద్యం ముట్టరు, మధుమేహం లేదు. రాత్రిళ్లు మూత్రానికి నాలుగైదు సార్లు లేవవలసి వస్తున్నదని గత నెలలో వైద్యుడి వద్దకు వెళ్తే రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ఒక ప్రొటీన్, ఎక్కువగా ఉంటే క్యాన్సర్‌ను అనుమానిస్తారు) 7.1 ఉన్నట్టు తేలింది. ఎమ్మారై తీసి, ఆ తర్వాత గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే బయాప్సీ చేశారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని నివేదిక వచ్చింది. వివరంగా మాట్లాడడానికి వచ్చే వారం రమ్మన్నారు.

ఆ కాగితం చేత్తో పట్టుకొని ఆయన నన్ను ఒకే మాట అడిగారు: "ఇన్నేళ్లు నడిచింది దేనికిరా?" నా వద్ద సమాధానం లేకపోయింది. ఆ మరునాటి నుంచి ఆయన నడకకు వెళ్లడం మానేశారు. నాకూ అరవై దాటింది, నేను ఆయనంత క్రమంగా ఏనాడూ నడిచినవాణ్ణి కాను. శరీర శ్రమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం గురించి తెలిసినవారు దయచేసి చెప్పండి. ఓదార్పు మాటలు ఇంట్లో చాలామంది చెబుతున్నారు, మాకు ఉన్నది ఉన్నట్టు తెలియాలి.

సత్యనారాయణపురం, విజయవాడ

అన్నగారూ, మా నాన్నగారికి డెబ్బై రెండో ఏట ఇదే జబ్బు వచ్చింది. ఆయన ఇప్పుడు ఎనభై ఒకటిలో ఉన్నారు, రోజూ గుడికి వెళ్లి వస్తున్నారు. మీ అన్నయ్యగారి నడక మాత్రం ఆపనివ్వకండి. కారణం నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

నేను వైద్య విద్యార్థులకు సామాజిక వైద్యం బోధించి విరమించాను. ప్రోస్టేట్ నిపుణుణ్ణి కాను గనుక చికిత్స గురించి చెప్పను, అధ్యయనాలు ఏం చెప్పాయో అంతవరకే చెబుతాను.

మీ అన్నగారి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. వ్యాయామం చేస్తే ఈ జబ్బు అసలు రాకుండా ఉంటుందా అన్నది మొదటిది. వచ్చిన జబ్బు ముదిరి ప్రాణం మీదికి రాకుండా ఉంటుందా అన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపి ఒకే సమాధానం చెప్పడం వల్లనే ఇంత గందరగోళం ఏర్పడింది.

మొదటి ప్రశ్నకు సమాధానం ఆశాజనకంగా లేదు. 2011లో ప్రచురితమైన ఒక సమీక్షలో అప్పటివరకు వచ్చిన 43 అధ్యయనాలను, వాటిలోని 88,294 మంది రోగుల వివరాలను కలిపి చూస్తే, బాగా శ్రమించే పురుషులలో ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు పది శాతం మాత్రమే తక్కువగా కనిపించింది. పెద్దపేగు, రొమ్ము, గర్భాశయ లోపొర క్యాన్సర్ల విషయంలో వ్యాయామం రక్షణ ఇస్తుందని బలమైన ఆధారాలు ఉన్నాయి. ప్రోస్టేట్ ఆ జాబితాలో లేదు. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2018 నివేదికలో కూడా శరీర శ్రమ విషయంలో ప్రోస్టేట్ గురించి ఒక నిర్ణయానికి రాలేకపోయారు, కానీ ఊబకాయం వల్ల ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని మాత్రం ఆ నివేదికలో చెప్పారు. వయసు, వంశం, పుట్టుకతో వచ్చిన జన్యువులు, ఇవే ఈ జబ్బుకు పెద్ద కారణాలు. తండ్రికో అన్నదమ్ములలో ఒకరికో ఉంటే మిగిలినవారికి వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు అవుతుంది. ఎంత నడిచినా వంశం మారదు. మీకు అరవై దాటింది, మీ అన్నగారికి జబ్బు ఉందని తేలింది గనుక మీరు కూడా పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగండి, ఈ మాట పక్కన పెట్టకండి.

రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చిత్రం మారుతుంది. అమెరికాలో 47,620 మంది పురుష వైద్య వృత్తినిపుణులను 1986 నుంచి 2000 దాకా గమనించిన అధ్యయనం ఒకటుంది. పద్నాలుగేళ్లలో 2,892 మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది, వారిలో 482 మందికి ముదిరిన దశ. మొత్తం రోగుల సంఖ్యను చూస్తే వ్యాయామం చేసినవారికీ చేయనివారికీ తేడా లేదు. అయితే అరవై ఐదేళ్లు దాటినవారిలో, గుండె వేగం బాగా పెరిగే కఠిన వ్యాయామాన్ని అందరికన్నా ఎక్కువగా చేసినవారిలో ముదిరిన జబ్బు మూడింట ఒక వంతుకు తగ్గింది, మరణాలు ఇంకా తక్కువ. అంటే జబ్బు మొలకెత్తడాన్ని వ్యాయామం ఆపినట్టు కనబడదు, మొలకెత్తినది కొమ్మలు వేయకుండా కొంత అడ్డుపడుతున్నట్టు కనబడుతుంది. ఒక హెచ్చరిక కూడా ఉంది: లోపల జబ్బు ముదురుతున్న మనిషి తనకు తెలియకుండానే వ్యాయామం తగ్గించుకోవచ్చు, అప్పుడు కారణం ఫలితంగానూ ఫలితం కారణంగానూ తారుమారు కావచ్చు.

ఇంకొక చిన్న విషయం. మీ అన్నగారు రాత్రిళ్లు లేవడానికి కారణం చాలామటుకు వయసుతో వచ్చే సాధారణ ప్రోస్టేట్ వాపే అయి ఉండవచ్చు. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. తొలిదశ క్యాన్సర్ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. ఆ వాపు కోసం వెళ్తేనే ఇది బయటపడింది, ఒక విధంగా అదే మేలు చేసింది. వాపు విషయంలో నడకకు మంచి ఆధారం ఉందని కూడా చెప్పాలి: నేను పైన చెప్పిన వైద్య వృత్తినిపుణులలోనే, వారానికి రెండు మూడు గంటలు నడిచేవారికి ఆ వాపు బాధ ఇరవై ఐదు శాతం తక్కువగా ఉన్నట్టు 1998లో వెల్లడైంది.

పటమట, విజయవాడ

మాస్టారూ, మీరు చెప్పినది బాగుంది కానీ, వ్యాయామం చేసేవారికే ఈ క్యాన్సర్ ఎక్కువ వస్తుందని నేను ఒకచోట చదివాను. పద్నాలుగు లక్షల మందిని పరిశీలించిన అధ్యయనమని రాశారు. అది నిజమైతే పైన మీరు చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం కదా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

మీరు చదివినది ఉన్నదే. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో అమెరికా, ఐరోపాలకు చెందిన 12 బృందాలలోని 14.4 లక్షల మంది లెక్కలు కలిపారు. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవారిలో 13 రకాల క్యాన్సర్లు తక్కువగా ఉన్నాయి. ప్రోస్టేట్ మాత్రం ఐదు శాతం ఎక్కువగా ఉంది, ఒక రకం చర్మ క్యాన్సర్ కూడా ఎక్కువగా ఉంది. చర్మం సంగతి అర్థం చేసుకోవడం తేలిక: ఆరుబయట ఎండలో పరిగెత్తే తెల్లజాతివారి చర్మం కందుతుంది.

ప్రోస్టేట్ సంగతి అర్థం కావాలంటే ఒక ఉదాహరణ తీసుకుందాం. సిద్ధార్థ కళాశాల మైదానంలో రోజూ పరిగెత్తే విశ్రాంత బ్యాంకు అధికారి ఏటా ఆరోగ్య పరీక్షలన్నీ చేయించుకుంటాడు, ఆ పరీక్షల ప్యాకేజీలో పీఎస్ఏ కూడా ఉంటుంది. టీ కొట్టు ముందు కూర్చొని రోజంతా గడిపే ఆయన వయసువాడు ఏ పరీక్షా చేయించుకోడు. డెబ్బై దాటిన పురుషులలో చాలామందికి ఏ హానీ చేయని చిన్న క్యాన్సర్ గ్రంథి లోపల ఉంటుంది, వేరే కారణాలతో మరణించినవారి శవపరీక్షలలో అది పదే పదే కనబడింది. పరీక్షించినవాడికి దొరుకుతుంది, పరీక్షించనివాడికి దొరకదు. అందుకే లెక్క తీసేటప్పుడు వ్యాయామం చేసేవాడి ఖాతాలో ఒక రోగం ఎక్కువ పడుతుంది. ఈ కారణం చేతనే నేను మొత్తం రోగుల సంఖ్యకన్నా ముదిరిన జబ్బునూ మరణాలనూ చూసే అధ్యయనాలనే ఎక్కువ నమ్ముతాను.

ఈ చిక్కును తప్పించుకోవడానికి కొందరు వేరే దారి వెతికారు. మనిషి తాను ఎంత నడిచానని నోటితో చెప్పే మాటను పక్కన పెట్టి, దేహదారుఢ్యాన్ని కొలిచారు. స్వీడన్‌లో 57,652 మంది పురుషుల చేత వ్యాయామ సైకిల్ తొక్కించి ఊపిరి సామర్థ్యాన్ని లెక్కగట్టి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలిచారు. ఏటా మూడు శాతానికి మించి సామర్థ్యం పెంచుకున్నవారికి, తగ్గిపోయినవారితో పోలిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు 35 శాతం తక్కువగా ఉందని 2024లో ప్రకటించారు. సగటున ఆరేళ్ల ఎనిమిది నెలల కాలంలో 592 మందికే జబ్బు బయటపడింది, మరణాల విషయంలో తేడా తేలలేదు. కనుక దీన్ని చివరి మాటగా తీసుకోను. అయినా ఇందులో నాకు ముఖ్యంగా తోచినది ఒకటుంది: ఎన్నేళ్లుగా నడుస్తున్నామన్నది ఎంత లెక్కకు వస్తుందో, ఊపిరి బలం పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్నది కూడా అంతే లెక్కకు వస్తున్నట్టుంది.

మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు

అయ్యా, పెద్దలందరూ నడక గురించీ మైదానాల గురించీ మాట్లాడుతున్నారు, నేను వేరే మనుషుల గురించి అడుగుతాను. మా యార్డులో హమాలీలు సీజనులో తెల్లవారింది మొదలు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, భుజానికెత్తుకొని మోస్తూనే ఉంటారు. ఒక్కొక్క టిక్కీ నలభై కిలోలకు పైనే ఉంటుంది. ఘాటుకు కళ్లు మండుతుంటే తువ్వాలు ముఖానికి కట్టుకొని మోస్తారు. వారిది వ్యాయామమేనా? మా దగ్గర ఒక పెద్దాయన, నేను మామా అని పిలిచేవాణ్ణి, నడుము నొప్పి అంటూ ఏడాది పాటు తైలం రాయించుకున్నాడు, బరువులు మోసేవాడికి నడుము నొప్పి రాక ఏం వస్తుందని మేమూ అనుకున్నాం. చివరికి చూపిస్తే ప్రోస్టేట్ నుంచి వెన్నుపూసకు పాకిన క్యాన్సర్ అన్నారు. జీవితమంతా కష్టపడి పనిచేసిన మనిషికి ఆ కష్టం ఏమీ రక్షణ ఇవ్వలేదు.

పటమట, విజయవాడ

అన్నా, చదువుతుంటే బాధగా ఉంది. కానీ కూలి పనిని వ్యాయామంతో పోల్చకూడదని నా అభిప్రాయం. వ్యాయామంలో మనిషి తన ఇష్టంతో ఆగుతాడు, సేదతీరుతాడు. కూలికి ఆ స్వేచ్ఛ ఉండదు.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

గుమాస్తాగారూ, మీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికన్నా బరువైనది. నేను మొదట చెప్పిన 2011 సమీక్షలో వృత్తిలోని శ్రమను విడిగా చూశారు. తీరిక వేళ చేసే వ్యాయామంతో ఐదు శాతం తేడా మాత్రమే కనబడితే, ఒళ్లు వంచి చేసే వృత్తులలో 19 శాతం తేడా కనబడింది. పటమట మిత్రులు చెప్పినది గుండె జబ్బుల విషయంలో చాలావరకు నిజం, ఇక్కడ మాత్రం లెక్క అలా లేదు. అయితే నేను ఇందాక చెప్పిన చిక్కే ఇక్కడ తిరగబడి ఎదురవుతుంది: కూలి చేసేవారు పరీక్షలకు రారు గనుక వారిలో జబ్బు తక్కువగా నమోదవుతుంది. ఆ 19 శాతంలో ఎంత నిజమైన రక్షణో, ఎంత పరీక్ష జరగకపోవడమో ఎవరూ విడదీసి చెప్పలేకపోయారు.

మీ మామగారికి జరిగినది మన జిల్లాలలో అరుదైన సంగతి కాదు. యాభై ఐదు దాటిన పురుషుడికి విశ్రాంతి తీసుకున్నా తగ్గని, రాత్రిపూట పెరిగే నడుము నొప్పి ఉంటే, అతను ఎంత బరువులు మోసేవాడైనా సరే, దాన్ని పనివల్ల వచ్చిన నొప్పిగా కొట్టిపారేయకూడదు. దాంతోపాటు కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం బిగుసుకుపోవడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, వెన్నుపాము నలుగుతున్నదనడానికి అది గుర్తు. మీ యార్డులో ఈ మాట నలుగురికీ చెప్పండి.

సైకిల్ సవారీ, విజయవాడ

నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. నాకు యాభై ఎనిమిది. ఆదివారాలలో మిత్రులతో కలిసి విజయవాడ నుంచి గుంటూరు దాకా సైకిల్ తొక్కి వస్తాం. ఒక సోమవారం ఉదయం ఆరోగ్య పరీక్షలో పీఎస్ఏ 5.3 వచ్చింది. నాలుగుకు మించితే అనుమానించాలని కాగితం మీదే అచ్చువేసి ఉంటుంది కదా, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న ఏం చేశారు?" అని. సైకిల్ సీటు ఒత్తిడి, కఠిన వ్యాయామం, వీర్యస్ఖలనం ఈ అంకెను తాత్కాలికంగా పెంచగలవనీ, కనీసం రెండు రోజులు వాటికి దూరంగా ఉండి మళ్లీ రక్తం ఇవ్వాలనీ ఆయన చెప్పారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గిన తర్వాత ఆరు వారాలు ఆగాలని కూడా అన్నారు. రెండోసారి 2.4 వచ్చింది. క్యాన్సర్ అంటూ భయపెట్టింది నా ఆదివారపు సవారీయే. సైకిల్ మానలేదు, రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు మాత్రం ఆపుతాను.

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటునూ గుర్తుంచుకోవాలి. ప్రోస్టేట్ వాపు తగ్గడానికి ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలలకు పైగా వాడేవారిలో పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది. వారికి 2.5 అని వస్తే అది ఐదు అని అర్థం. ఆ మాత్ర వాడుతున్నామని వైద్యుడికి తప్పక చెప్పాలి.

లక్ష్మీపురం, గుంటూరు

నమస్కారమండీ. నేను కూతురిగా రాస్తున్నాను. మా నాన్నగారికి డెబ్బై నాలుగు. జబ్బు ఎముకలకు పాకిందని చెప్పి మూడు నెలలకొకసారి హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఇదివరకు పొలం గట్ల మీద మైళ్లకు మైళ్లు నడిచిన మనిషి ఇప్పుడు మంచం దిగడానికి నీరసపడుతున్నారు, పొట్ట పెరిగింది, తొడలు సన్నబడ్డాయి, ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు పోతున్నాయంటారు. అమ్మేమో కదిలితే అలసిపోతారని మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే అందిస్తున్నది. ఆయనను కదిలించడం మంచిదా, చెడ్డదా?

కాలు కదిపే చేతులు, ఫిజియోథెరపిస్టు, విజయవాడ

అక్కా, మీరు చెప్పిన లక్షణాలలో చాలావరకు ఇంజెక్షన్ వల్ల వచ్చేవే. ఆ మందు పని టెస్టోస్టెరాన్‌ను అణచివేయడం, దానితోనే క్యాన్సర్ కణాలు బతుకుతాయి గనుక. పురుషుడి కండనూ ఎముకనూ నిలబెట్టేది కూడా ఆ హార్మోనే. అది తగ్గగానే కండ కరుగుతుంది, కొవ్వు చేరుతుంది, ఎముక పలచబడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. మంచం మీద పడుకోబెడితే ఇవన్నీ ఇంకా వేగంగా జరుగుతాయి.

ఆస్ట్రేలియాలో ఇదే ఇంజెక్షన్ మీద ఉన్న 57 మందిలో సగం మంది చేత పన్నెండు వారాలపాటు బరువులతోనూ నడకతోనూ వ్యాయామం చేయించారు. వారి కండ, బలం, నడక మెరుగుపడ్డాయని 2010లో ప్రచురించారు. కానీ ఎముకలకు పాకినవారిని వారు ఆ పరిశోధనలో చేర్చలేదు గనుక మీ నాన్నగారి విషయంలో ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్త అవసరం. ముందుగా ఏయే ఎముకలకు పాకిందో స్కాన్ చూసి చెప్పమని ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ణి) అడగండి. వెన్నుపూసలో ఉంటే నడుము వంచి బరువెత్తడం, మెలితిప్పడం ఎంతమాత్రం చేయకూడదు. తుంటి ఎముకలో ఉంటే నిలబడి చేసేవాటికి పక్కన మనిషి ఉండాలి.

వైద్యుడు సరేనంటే, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి మళ్లీ కూర్చోవడంతో మొదలుపెట్టండి. మొదటి వారం ఐదుసార్లు, పూటకొకసారి. గోడకు చేతులు ఆనించి నెట్టడం, ఇంటి వసారాలో పది నిమిషాల నడక తర్వాత కలపవచ్చు. మే నెలలో మన ఊళ్లలో ఎనిమిది దాటితే బయట నడక వద్దు, సెగలతో బాధపడే మనిషికి ఎండ రెండింతలు తగులుతుంది. అమ్మగారికి ఒక మాట చెప్పండి: మంచినీళ్లు బల్ల మీద పెట్టమనండి, ఆయనే లేచి వెళ్లి తాగాలి.

కృష్ణలంక వాసి, విజయవాడ

పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను, ముఖ్యంగా మాస్టారికి.

అన్నయ్యను తీసుకొని వెళ్లాను. బయాప్సీలో పన్నెండు ముక్కలు తీస్తే రెండింటిలో మాత్రమే క్యాన్సర్ ఉంది. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ అంకె మూడు, మూడు కలిపి ఆరు. ఇది అన్నిటికన్నా మందకొడి రకమనీ, గ్రంథి దాటి పోలేదనీ చెప్పారు. వెంటనే శస్త్రచికిత్సో రేడియేషనో చేయకుండా, ఆరు నెలలకొకసారి పీఎస్ఏ, అవసరాన్నిబట్టి మళ్లీ ఎమ్మారై, బయాప్సీలతో కనిపెట్టి చూడవచ్చన్నారు. క్యాన్సర్ ఉందని తెలిసి కూడా ఊరికే చూస్తూ కూర్చోవడమా అని నేను వాదించాను. అప్పుడు ఆ వైద్యుడు బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన గురించి ఓపికగా వివరించారు. 1,643 మందిని మూడు భాగాలు చేసి ఒకరికి శస్త్రచికిత్స, ఒకరికి రేడియేషన్, ఒకరికి కనిపెట్టి చూడడం కేటాయించారట. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఏ భాగంలో ఉన్నా వందలో సుమారు తొంభై ఏడు మంది ఈ జబ్బుతో చనిపోలేదట. కనిపెట్టి చూసినవారిలో జబ్బు ఇతర భాగాలకు పాకడం మాత్రం సుమారు రెండింతలు ఉందని కూడా దాచకుండా చెప్పారు. అన్నయ్య రెండు రోజులు ఆలోచించి, కనిపెట్టి చూడడానికే ఒప్పుకున్నారు.

నడక గురించి నేనే అడిగాను. తొలిదశ జబ్బు ఉన్న 1,455 మందిని అమెరికాలో గమనిస్తే, వారానికి మూడు గంటలు లేదా అంతకు మించి వడిగా నడిచేవారిలో జబ్బు ముదరడం, మెల్లగా, తక్కువసేపు నడిచేవారికన్నా 57 శాతం తక్కువగా ఉందని 2011లో తేలిందట. అదే ఏడాది వచ్చిన మరొక అధ్యయనంలో, జబ్బు తేలిన 2,705 మందిలో వారానికి మూడు గంటలైనా కఠిన వ్యాయామం చేసినవారికి ఈ క్యాన్సర్‌తో మరణం 61 శాతం తక్కువట. అయితే ఇవి పక్కనుండి గమనించి రాసిన లెక్కలేననీ, మందులా హామీ ఇవ్వలేననీ ఆయన అన్నారు. మామూలుగా ఎంత వేగంతో నడుస్తారని వైద్యుడు అడిగితే అన్నయ్య తడబడ్డారు. బ్యారేజీ మీద మిత్రులతో కబుర్లు చెప్పుకుంటూ, నీళ్లు చూస్తూ, గేట్లు ఎన్ని ఎత్తారో లెక్కపెడుతూ గంటా పదిహేను నిమిషాలు పట్టే నడక అది. "మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి" అన్నారు వైద్యుడు. ఆ వేగంతో వారానికి మూడు గంటలు, దానితోపాటు వారంలో రెండు రోజులు కండలకు పని చెప్పమన్నారు.

నా పీఎస్ఏ కూడా చేయించాను, 1.8 వచ్చింది. ఏడాదికొకసారి చూపించుకోమన్నారు.

నిన్న ఉదయం అన్నయ్య మళ్లీ బయలుదేరారు. ఈసారి నేనూ వెంట వెళ్లాను. బ్యారేజీ సగానికి వచ్చేసరికి నాకు మాట కూడా పెగలలేదు, ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా సీతానగరం వైపు వెళ్లిపోయారు.